చేయి తగిలితే ఐసీ గోవిందా!

చలికాలం రాత్రిపూట పాలిస్టర్ చొక్కా విప్పుతుంటే చిటపటమని చప్పుడవుతుంది. దీపం ఆర్పి ఉంటే చిన్న చిన్న నీలి మెరుపులు కూడా కనిపిస్తాయి. పిల్లలకు అదో వేడుక. పెద్దలు పట్టించుకోరు. అయితే ఆ మెరుపులో పదో వంతు బలం కూడా లేని రవ్వ ఒక్కటి చాలు, నలభై ఏళ్ల నాటి కంప్యూటరు మూగబోవడానికి. ఆ రవ్వ కంటికి కనబడదు. చెవికి వినబడదు. వేలి నుంచి అది దూకిన సంగతి ఆ వేలికే తెలియదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

పాత కంప్యూటర్లతో పల్లెటూళ్లకేం పని అనుకోనక్కర్లేదు. 1984లో కేంద్ర ప్రభుత్వం పాఠశాల పిల్లలకు కంప్యూటరు నేర్పాలని 'క్లాస్' అనే పథకం మొదలుపెట్టింది. మొదటి విడతలో దేశం మొత్తం మీద సుమారు 250 పాఠశాలలను ఎంపిక చేశారు. వాటికి ఇచ్చిన యంత్రం పేరు బీబీసీ మైక్రో. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఏకార్న్ అనే కంపెనీ 1981 డిసెంబరులో దీన్ని విడుదల చేసింది. టైపు మిషను మీటలు, కంప్యూటరు అన్నీ ఒకే మీగడరంగు ప్లాస్టిక్ పెట్టెలో ఉంటాయి. దాన్ని తెరకు తగిలించుకుంటే సరి. దాని జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు. ఇవాళ సెల్‌ఫోనుతో తీసిన ఒక్క ఫొటో దాచడానికి కూడా అది చాలదు. అయినా ఒక తరం పిల్లలు కంప్యూటరంటే ఏమిటో చూసింది దాని మీదనే.

తర్వాత కొత్త యంత్రాలు వచ్చాయి, పాతవి స్టోరు గదులకు చేరాయి. విరిగిన బెంచీల వెనుక, పాత రికార్డుల కట్టల కింద అలాంటిది ఒకటి ఎక్కడైనా మిగిలి ఉంటే దాన్ని మళ్లీ పలికించాలని ఎవరికైనా ఉబలాటం పుడుతుంది. ఆ బడిలో చదువుకున్న పాత విద్యార్థి కావచ్చు, పాలిటెక్నిక్ కుర్రాడు కావచ్చు, పక్క ఊరి టీవీ మెకానిక్ కావచ్చు. స్క్రూడ్రైవరు పట్టుకుని మూత తీస్తారు. నలభై ఏళ్లపాటు దుమ్మును, బొద్దింకలను తట్టుకున్న యంత్రం సరిగ్గా ఆ నిమిషంలోనే చచ్చే ప్రమాదం ఉంది.

తాటిచెట్టంత ఎత్తు, చుక్కంత నీరు

దువ్వెనతో తల దువ్వి చిన్న చిన్న కాగితం ముక్కల దగ్గర పెడితే అవి ఎగిరి అంటుకుంటాయి. బడి పిల్లలందరికీ తెలిసిన ఆటే ఇది. రెండు వస్తువులు ఒకదానికొకటి రాసుకుని విడిపోయినప్పుడు ఒకదాని మీది విద్యుత్తు కొంత రెండోదాని మీదికి చేరుతుంది. పారేందుకు దారి లేక అక్కడే నిలిచి ఉంటుంది. అందుకే దీనికి స్థిర విద్యుత్తు అని పేరు. నడుస్తుంటే చెప్పు నేలకు రాసుకుంటుంది. కూర్చుంటే బట్ట ప్లాస్టిక్ కుర్చీకి రాసుకుంటుంది. మనిషి ఊరికే ఉన్నా అతని ఒంటిమీద ఈ సరుకు పోగవుతూనే ఉంటుంది.

ఎంత పోగవుతుందన్న దానికి లెక్కలున్నాయి. అమెరికా రక్షణ శాఖ 1980లో ఈ విషయం మీదనే ఒక కరదీపిక వేసింది. బాగా పొడిగా ఉన్న గాలిలో తివాచీ మీద నడిచిన మనిషి ఒంటిమీద 35,000 వోల్టుల దాకా చేరుతుందని అందులో ఉంది. అదే గాలిలో తేమ ఎక్కువగా ఉంటే 1,500 వోల్టులకు మించదు. వినైల్ పరిచిన నేల మీద నడిస్తే పొడి గాలిలో 12,000, తేమ గాలిలో 250. బల్ల మీది పాలిథిన్ సంచిని చేత్తో పైకెత్తితే పొడి గాలిలో 20,000 వోల్టులు!

ఇళ్లలో వచ్చే కరెంటు 230 వోల్టులే. అది మనిషిని చంపుతుంది కదా, మరి ఇరవై వేల వోల్టులు ఏమీ చేయవా అని సందేహం రావడం సహజం. తాటిచెట్టు మీంచి రాలిన నీటిచుక్క నెత్తిన పడితే ఎవరికీ దెబ్బ తగలదు. పడింది చాలా ఎత్తు నుంచే, కానీ పడింది ఒక్క చుక్కే. స్థిర విద్యుత్తు సంగతీ అంతే. వోల్టులు బోలెడు, సరుకు మాత్రం చిటికెడు. మనిషికి అది చిన్న చురుకు, అంతే. అదైనా మూడు వేల వోల్టులు దాటితే తప్ప మామూలుగా తెలియదు.

పారిశ్రామికులకు ఇది పాత శత్రువే. పెట్రోలు ట్యాంకరు లారీ వెనుక ఇనుప గొలుసు ఒకటి రోడ్డుకు రాసుకుంటూ వేలాడుతుండటం పాతకాలం వాళ్లకు గుర్తుండే ఉంటుంది. లారీ ఒంటిమీద పోగైన విద్యుత్తును నేలలోకి దించడానికే అది. నూలు మిల్లుల్లో గాలిలోకి నీటి తుంపర చల్లేది కూడా కొంతవరకు ఇందుకోసమే. గాలి పొడిబారితే దారాలు విద్యుత్తు పట్టి ఒకదాన్నొకటి తోసుకుంటాయి, తెగుతాయి.

మన ప్రాంతాల్లోనూ అన్నిచోట్లా ఒకే తీరు కాదు. సముద్రానికి దగ్గరగా ఉండే ఊళ్లలో గాలి ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది కనుక బాధ తక్కువ. రాయలసీమలో, తెలంగాణలో చలికాలంలోనూ నడివేసవిలోనూ గాలి పొడిబారిపోతుంది. పెదాలు పగిలే రోజులు, బట్టలు చిటపటలాడే రోజులు కంప్యూటరు విప్పడానికి తగినవి కావు. ఏసీ గది ఏ ఊళ్లో ఉన్నా పొడి గది కిందే లెక్క.

వెంట్రుకలో వెయ్యో వంతు

మనిషికి చీమ కుట్టినట్టయినా లేని రవ్వ ఐసీని ఎలా చంపుతుంది? కంప్యూటరు పలక మీద నల్లటి గొంగళిపురుగుల్లా కనిపించేవే ఐసీలు. ఆ నల్ల తొడుగు లోపల వేలి గోరుకన్నా చిన్న సిలికాన్ ముక్క ఉంటుంది. దాని మీద వేలకొద్దీ స్విచ్చులు ఉంటాయి. ఒక్కో స్విచ్చులో మీట లాంటి భాగానికీ కరెంటు నడిచే దారికీ మధ్య గాజు లాంటి పలుచని పొర అడ్డంగా ఉంటుంది. 1980 ప్రాంతపు ఐసీల్లో ఆ పొర మందం తల వెంట్రుకలో సుమారు వెయ్యో వంతు. నూరు వోల్టులు, ఒక్కోసారి అంతకన్నా తక్కువ పడినా అది చిల్లు పడుతుంది. చిల్లుపడ్డ కుండకు మాటు వేయవచ్చు గాని ఈ పొరకు వేయలేరు.

పైన చెప్పిన కరదీపికలోనే ఈ రకం ఐసీలు కొన్ని నూరు వోల్టులకే పాడవుతాయని ఉంది. మనిషికి తెలియాలంటే మూడు వేలు కావాలి. అంటే ఐసీని చంపడానికి చాలినదానికి ముప్పై రెట్ల వోల్టులు చేతిలో పెట్టుకుని కూడా మనిషి తన చేతిలో ఏమీ లేదనే అనుకుంటాడు. తయారీదారులు కాళ్ల దగ్గర కొంత రక్షణ ఏర్పాటు చేసిన మాట నిజమే. అది చిన్న దెబ్బలు కాస్తుంది గాని పెద్ద దెబ్బ కాయలేదు.

అన్ని ఐసీలూ ఇంత సుకుమారం కావు. 74 అంకెతో మొదలయ్యే మామూలు రకాలు గట్టి పిండాలు, అవి పోయినా ఇప్పటికీ దొరుకుతాయి. భయపడవలసింది పెద్ద ఐసీల గురించే. బీబీసీ మైక్రోలో 6502 ప్రాసెసరు, 6522 ఐసీలు, జ్ఞాపకశక్తికి వాడిన పదహారు ఐసీలు, ప్రోగ్రాములు దాచిన ఈప్రామ్‌లు ఈ కోవలోవే. డిస్కు నడిపే ఇంటెల్ 8271 అనేది ఆ రోజుల్లోనే కరువు సరుకు. ఇప్పుడది పోతే మరో పాత యంత్రం నుంచి పీకి పెట్టాల్సిందే.

ఇంతకంటే చెడ్డ ఉదాహరణ 1982లో అమెరికాలో వచ్చిన కమడోర్ 64. ఆటలు ఆడే జాయ్‌స్టిక్కు తగిలించడానికి దాని పక్కన రెండు సాకెట్లుంటాయి. వాటి పిన్నులు దాదాపు నేరుగా లోపలి 6526 ఐసీకి పోతాయి. పెట్టె విప్పనక్కర్లేదు, తివాచీ మీద నడిచి వచ్చిన కుర్రాడు ఆ పిన్నుల మీద వేలు పెడితే చాలు, మీటలు పనిచేయడం మానేస్తాయి. అదే యంత్రంలో పాటలు పలికించే 6581 అనే ఐసీ ఉంది. బాబ్ యానెస్ అనే ఇంజనీరు రూపొందించిన ఆ ఐసీ స్వరం కోసం ఇప్పటికీ సంగీతకారులు పడిచస్తారు. దాని పని చేసే నకళ్లు వస్తున్నాయి గాని అసలుది తయారు చేయడం ఎప్పుడో ఆగిపోయింది.

దెబ్బ తిన్న ఐసీ అక్కడికక్కడే చస్తే ఒక రకంగా మేలు. కొన్ని కుంటుతూ నడుస్తాయి. విప్పి, తుడిచి, మూసిన రోజున యంత్రం బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కొన్నాళ్లకు మొరాయిస్తుంది. అప్పుడు పాతది కదా, దాని కాలం తీరిపోయిందని సరిపెట్టుకుంటారు. చంపింది తమ వేలేనని ఎవరికీ తట్టదు.

రెండు చెరువులు, ఒక తూము

దీనికి విరుగుడు అతి తేలిక. రెండు చెరువుల మధ్య తూము ఉందనుకోండి. ఒకదాని మట్టం ఎక్కువ, రెండోదాని మట్టం తక్కువ అయితే తూము తెరవగానే నీరు ఉరకలేస్తుంది. రెండిటి మట్టం ఒకటే అయితే తూము బార్లా తెరిచినా చుక్క కదలదు. మనిషి ఒక చెరువు, యంత్రం ఒక చెరువు. వేలు తగలడమంటే తూము తెరవడం. తూము తెరిచే ముందే రెండు మట్టాలూ ఒకటి చేస్తే ఇక రవ్వ పుట్టే ప్రశ్నే లేదు.

మట్టం ఒకటి చేయడమంటే యంత్రం లోపలి ఐసీలను కాక, ముందుగా దాని లోహపు భాగాన్ని ముట్టుకోవడం. ఇక్కడే చాలామంది పొరబడతారు. బీబీసీ మైక్రో పెట్టె ప్లాస్టిక్‌ది. దాన్ని ఎంతసేపు పట్టుకున్నా ప్రయోజనం లేదు. వెనుక వైపు తెరకు పోయే వైరు తగిలించేందుకు గుండ్రటి లోహపు సాకెట్ ఒకటి ఉంటుంది. దాని బయటి వలయాన్ని ముట్టుకోవాలి. అప్పుడు ఒంటిమీది విద్యుత్తు ఐసీల గుండా కాక పక్కదారిన యంత్రంలోకి సర్దుకుంటుంది. ఒకసారి ముట్టుకుని వదిలేస్తే కుదరదు. లేచి నీళ్లు తాగి వచ్చినా, కుర్చీలో అటూ ఇటూ కదిలినా మళ్లీ పోగవుతుంది. ప్రతిసారీ ముట్టుకోవాలి.

ఆ బాధ లేకుండా ఉండటానికే మణికట్టు పట్టీ ఉంది. గడియారం పట్టీలా చేతికి కట్టుకుంటే దాని నుంచి ఒక తీగ, చివర క్రొకడైల్ క్లిప్పు వస్తాయి. క్లిప్పును ఆ సాకెట్ వలయానికే తగిలిస్తే పని చేసినంతసేపూ మనిషి, యంత్రం ఒకే మట్టంలో ఉంటారు. ఖరీదు కొద్ది వందల రూపాయల్లోపే. పట్టీ చర్మానికి ఆనుకుని ఉండాలి గాని చొక్కా చేతి మీద కట్టుకుంటే ఉత్తదే.

ఈ పట్టీ తీగలో పది లక్షల ఓముల రెసిస్టరు ఒకటి ఇమిడి ఉంటుంది. అది డబ్బు గుంజడానికి పెట్టింది కాదు. పొరపాటున ఎక్కడైనా 230 వోల్టులు తగిలినా ఒంట్లోకి మిల్లీఆంపియరులో నాలుగో వంతుకు మించి పోనీయదు. అంత తక్కువ కరెంటు మనిషికి తెలియను కూడా తెలియదు. తెలివి ఎక్కువై, ఇంతోటి దానికి కొనడమెందుకని ఉత్త రాగితీగ చేతికి చుట్టుకుని ఎర్త్‌కు కట్టుకునే వాళ్లుంటారు. ఐసీని కాపాడబోయి ప్రాణం పోగొట్టుకునే పని అది.

మూడో పిన్నును నమ్మవచ్చా?

విదేశాల్లో అచ్చయిన పుస్తకాలు కొన్ని వేరే సలహా చెబుతాయి. ప్లగ్గు గోడకే ఉంచి, స్విచ్చి మాత్రం కట్టి, యంత్రం లోహపు భాగాన్ని పట్టుకోమంటాయి. ఎర్త్ తీగ గుండా ఒంటిమీది విద్యుత్తు నేలకు దిగుతుందని వాళ్ల లెక్క. వాళ్ల గోడల్లో ఎర్త్ ఉంటుంది కనుక వాళ్లకది చెల్లుతుంది. మన ఊళ్లలో మూడు పిన్నుల సాకెట్ కనబడినంత మాత్రాన పై పెద్ద కన్నానికి వెనుక తీగ ఉందన్న నమ్మకం లేదు. కొన్ని ఇళ్లలో దాన్ని ఖాళీగా వదిలేస్తారు. కొందరు ఘనులు న్యూట్రల్‌నే తెచ్చి దానికి కలుపుతారు. ఎక్కడో న్యూట్రల్ ఊడిందంటే ఇంట్లో లోహపు పెట్టెలన్నీ షాకు కొడతాయి. పూర్వం కుళాయి గొట్టానికి ఎర్త్ కట్టేవారు, ఇప్పుడు గొట్టాలన్నీ ప్లాస్టిక్‌వే.

కనుక మన దగ్గర పాటించవలసిన పద్ధతి ఒకటే. ప్లగ్గు గోడ నుంచి పూర్తిగా ఊడదీయాలి. స్విచ్చి కట్టడం చాలదు. మట్టాలు ఒకటి చేయడానికి కరెంటు తీగ అక్కర్లేదన్నది చెరువుల లెక్కలోనే తేలిపోయింది. ఎర్త్ సంగతి వేరే పనిగా చూసుకోవాలి. గుంత తీసి, గొట్టం దించి, బొగ్గు, ఉప్పు పొరలుగా వేసిన ఎర్త్ అయినా వేసవిలో నీళ్లు పోయకపోతే పనిచేయదు. ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించుకోవాలి.

పెట్టె విప్పాక ఎడమ వైపు లోహపు డబ్బా ఒకటి కనిపిస్తుంది. కరెంటు సరఫరా అందులోంచే. దాన్ని మాత్రం విప్పకూడదు. ప్లగ్గు తీసినా అందులో మూడు వందల వోల్టులకు పైగా కొంతసేపు నిలిచి ఉండవచ్చు. చాలా ఏళ్లు మూలన పడి ఉన్న యంత్రమైతే అందులోని పాత కాగితపు కెపాసిటర్లు స్విచ్చి వేసిన కాసేపటికి పగిలి గది నిండా కంపు పొగ చిమ్ముతాయి. తెలిసిన మెకానిక్ చేత ముందే మార్పించడం మేలు. పాత పిక్చర్ ట్యూబు టీవీ విప్పేటప్పుడు మణికట్టు పట్టీ చేతికి ఉండనే కూడదు. అందులోవి వేల వోల్టులు, చిటికెడు సరుకు కాదు.

థర్మోకోల్ అనే దొంగ చుట్టం

టీవీ రిపేరు దుకాణాల్లో ఐసీలను థర్మోకోల్ ముక్కకు గుచ్చి పెట్టడం మామూలుగా కనిపించే దృశ్యమే. చూడ్డానికి పొందికగా ఉంటుంది. స్థిర విద్యుత్తు పట్టి ఉంచడంలో మాత్రం థర్మోకోల్‌ను మించింది లేదు. పాలిథిన్ సంచి, ప్లాస్టిక్ డబ్బా, సెల్లోటేపు దాని దాయాదులే. ఐసీలకని అమ్మే నల్లటి స్పాంజి దొరికితే సరే, దొరక్కపోతే అట్టముక్కకు అల్యూమినియం రేకు కాగితం చుట్టి దానికి గుచ్చితే ఐసీ కాళ్లన్నీ ఒకే మట్టంలో ఉంటాయి. హోటళ్లలో రొట్టెలు చుట్టి ఇచ్చే రేకే చాలు. బ్యాటరీ ఉన్న పలకను మాత్రం రేకులో చుట్టకూడదు, షార్టు అవుతుంది. కొత్త ఐసీలు వచ్చే సంచుల్లో వెండిరంగువి లోపలి సరుకును బయటి రవ్వ నుంచి కాపాడతాయి. గులాబీరంగువి తాము విద్యుత్తు పుట్టించవు, అంతే. బయటి దెబ్బను ఆపలేవు.

పని చేసే చోటు విషయంలో పల్లెటూరి ఇంటికి పట్నపు ఇంటికన్నా పై చేయి ఉంది. ప్లాస్టిక్ చాప, వినైల్ నేల, రబ్బరు చెప్పులు పనికిరావు. నూలు బట్టలు కట్టుకుని, చెప్పులు విడిచి, అలికిన మట్టినేల మీదనో పాతకాలపు సిమెంటు గచ్చు మీదనో కాళ్లు ఆనించి కూర్చుంటే ఒంటిమీద చేరినది చేరినట్టు నేలకు దిగిపోతుంది. పొడి రోజుల్లో నేల మీద కాసిని నీళ్లు చల్లి ఆరనిస్తే ఇంకా మంచిది. వట్టికాళ్ల ముచ్చట ప్లగ్గు ఊడదీసి ఉన్నంతసేపే. కరెంటు ఉండగా తడినేల మీద వట్టికాళ్లతో నిలబడటం చావును పిలవడమే. బల్ల మీద ప్లాస్టిక్ గుడ్డ తీసేసి నూలు దుప్పటి పరవాలి.

దుమ్ము దులపడానికి నైలాన్ బ్రష్షు పనికిరాదు. రంగులు వేసే వెంట్రుకల బ్రష్షుతో మెల్లగా తుడవాలి. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనరు ప్లాస్టిక్ మూతి లోపల పెట్టకూడదు, గాలి వడి దుమ్ముకే విద్యుత్తు పుడుతుంది. పంక్చరు షాపు గాలిగొట్టంలో చెమ్మ, నూనె కూడా వస్తాయి కనుక అది అంతకన్నా అన్యాయం.

బీబీసీ మైక్రో మూత తీయడానికి నాలుగు స్క్రూలు, వెనుక రెండు, అడుగున రెండు. పక్కన ఇంగ్లీషులో ఫిక్స్ అని రాసి ఉంటుంది. పలకను అంచులు పట్టుకునే ఎత్తాలి. ఐసీని పీకేటప్పుడు ఒక పక్కనుంచే ఎత్తితే కాళ్లు వంగి విరుగుతాయి. చిన్న స్క్రూడ్రైవరుతో ఈ చివర కాస్త, ఆ చివర కాస్త లేపుతూ రావాలి. తలవైపు ఉండే గాటు ఎటు ఉందో ముందే కాగితం మీద గీసి పెట్టుకోవాలి. తిరగేసి పెట్టిన ఐసీని కాపాడే పట్టీ ఇంకా పుట్టలేదు.

అన్నీ బిగించి స్విచ్చి వేస్తే బీబీసీ మైక్రో ఒకసారి బొంగురుగా, వెంటనే మరోసారి సన్నగా కూత పెడుతుంది. తెర మీద 'బీబీసీ కంప్యూటర్ 32కె' అని, దాని కింద 'బేసిక్' అని ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. రెండో కూత రాకుండా మొదటిదే ఆగకుండా మోగుతుంటే లోపల ఏదో ఐసీ కదలడం లేదని అర్థం. అది చచ్చిందని అప్పుడే అనుకోనక్కర్లేదు. చాలా ఏళ్లు కదలని సాకెట్లలో మకిలి పట్టి ఉంటుంది. స్విచ్చి కట్టి, ప్లగ్గు ఊడదీసి, వెనుక సాకెట్ వలయాన్ని ముట్టుకుని, సాకెట్లలో ఉన్న ఐసీలను ఒక్కొక్కటిగా వేలితో గట్టిగా అదిమి మళ్లీ చూడాలి.